గంట నొక్కి, రెండడుగులు వెనక్కి

"ముట్టుకున్నారు," అంది టీచరమ్మ.

ఇన్‌ఛార్జమ్మ తన చెయ్యి వంక చూసుకుంది. నిజమే. మూడు వేళ్ళు బొమ్మ మణికట్టు మీద ఆనించి ఉన్నాయి. రబ్బరు మణికట్టది, అందులో నాడెక్కడిది? అయినా వేళ్ళు తమ మానాన తాము వెతుక్కుంటున్నాయి.

"సారీ అండీ."

"సారీలు శనివారం పనికిరావు. మళ్ళీ చెయ్యండి."

ఆమెతో పాటే శిక్షణకొచ్చిన మగ నర్సు, మీసాల బ్రదర్, వచ్చి, కింద పడి ఉన్న బొమ్మని చంకల కింద చేతులేసి ఎత్తి మంచం మీద కూర్చోబెట్టాడు. నిలువెత్తు బొమ్మ. శిక్షణకి వచ్చినవాళ్ళంతా దానికి తాతగారని పేరు పెట్టుకున్నారు. తయారుచేసినవాడు ఏమనుకున్నాడో గాని ముఖం మీద చిరునవ్వొకటి దిద్దాడు. పొద్దుట్నించి ఎన్నిసార్లు కూలిపోయినా తాతగారు నవ్వుతూనే ఉన్నారు.

"గుండెపోటొచ్చినా మర్యాద తప్పరండీ మా తాతగారు," అన్నాడు బ్రదర్. ఎవరూ నవ్వలేదు. అందరికీ ఆకలిగా ఉంది.

ఆ హాలు ఒకప్పుడు ఫర్నిచర్ షాపు. వీధి వైపు అద్దాలకి తెల్లకాగితాలు అంటించారు, దారినపోయేవాళ్ళు చూడకుండా. మధ్యలో ఆస్పత్రి మంచం ఒకటి. మంచం తల దగ్గర గోడకి ఎర్రటి గంట. మంచానికి రెండడుగుల దూరంలో నేల మీద పసుపు టేపుతో ఒక గీత. శిక్షణంతా ఆ గీత గురించే. మంచం మీద మనిషి పడిపోయినా, ఊపిరాడక గిలగిల్లాడినా సహాయకురాలు గంట నొక్కాలి. రెండడుగులు వెనక్కేసి గీత అవతల నిలబడాలి. చేతులు ముందుకు కట్టుకుని, "సిస్టర్ గారూ, ఒకసారి రండి" అని, పనికి వెళ్ళబోయే దేశపు భాషలో అనాలి. సిస్టర్ వచ్చేదాకా అంతే. ముట్టుకోకూడదు.

ఇన్నేళ్ళుగా లోకమంతా తననే సిస్టర్ అని పిలుస్తుంటే ఇప్పుడు తను ఇంకెవర్నో సిస్టర్ అని పిలవాలి. గుండె జబ్బుల వార్డుకి ఆమె ఇన్‌ఛార్జి సిస్టరు. ఆస్పత్రిలో ఊడ్చే మనిషి దగ్గర్నించి పెద్ద డాక్టరు దాకా ఇన్‌ఛార్జమ్మా అనే పిలుస్తారు. ఆ పేరు ఆమె వెనకాలే ఈ హాలుకీ వచ్చేసింది. టీచరమ్మ కూడా అలాగే పిలుస్తుంది, కాకపోతే కాస్త వెటకారంగా.

ఒప్పందం కుదిరిన రోజున పేపర్లో పెద్ద ఫోటో వేశారు. రెండు దేశాల పెద్దలూ చేతులు కలిపి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. వాళ్ళ కుళాయిలు, తలుపు గడియలు, కుట్టు మిషన్లు సుంకం లేకుండా ఇటొస్తాయి. మన నర్సులు అటెళ్తారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే మరి! అయితే కుళాయి ఓడ దిగాక కూడా కుళాయే. నర్సు మాత్రం విమానం ఎక్కకముందే సహాయకురాలైపోయింది. అక్కడి నర్సుల సంఘం అడ్డుపడిందట. మనవాళ్ళేమో మన బట్టల మీద వాళ్ళ సుంకం తగ్గించుకునే తొందరలో ఉన్నారట. ఈ ఒక్క మాటే కదా, పోనిద్దురూ అనుకున్నారట. మూడేళ్ళు సహాయకురాలిగా చేస్తే అప్పుడు అక్కడి పరీక్ష రాయొచ్చు, నెగ్గితే మళ్ళీ నర్సు కావచ్చు. అందాకా సూది పట్టుకుంటే నేరం, నాడి పట్టుకుంటే నేరం.

దీనికి ఒళ్ళు మండాలి. మొదట్లో ఇన్‌ఛార్జమ్మకి మండింది కూడా. ఇప్పుడు ఏమీ లేదు. పన్ను పీకేముందు డాక్టరు మత్తు సూది వేస్తే చిగురెలా ఉంటుందో, ఆమెకి లోపలంతా అలా ఉంది. నొక్కితే నొక్కుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలీదు.

టీచరమ్మ చిటికె వేసింది. బ్రదర్ తాతగారి భుజం మీద ఒక్క తోపు తోశాడు. తాతగారు మొహం ముందుకేసి జారారు.

ఇన్‌ఛార్జమ్మ గంట నొక్కింది. ఒకడుగు వెనక్కేసింది. రెండో అడుగు వెయ్యబోతూ మోకాళ్ళ మీద కూలబడి తాతగారి గడ్డం కింద వేళ్ళు పెట్టింది.

"ముట్టుకున్నారు," అంది టీచరమ్మ.

మధ్యాహ్నం వార్డుకి వచ్చేసరికి అక్కడి సంగతి ఎప్పటిలాగే ఉంది. ఎనిమిది మంచాలు, ఎనిమిది మానిటర్లు, వాటి పచ్చటి గీతలు. కొత్తగా వచ్చిన పిల్లలు ముందు మానిటర్ చూసి తర్వాత మనిషిని చూస్తారు. ఇన్‌ఛార్జమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, పక్కన నిలబడి, "ఏం తాతా, రాత్రి నిద్రపట్టిందా?" అనో, "ఏమ్మా, మీ కోడలు రాలేదా ఇవాళ?" అనో మాట కలుపుతుంది. మాట కలుపుతూ మణికట్టు పట్టుకుంటుంది. వాళ్ళు కోడలి మీద చాడీలన్నీ చెప్పి ముగించేసరికి ఆమెకి కావలసింది వేళ్ళకి తెలిసిపోతుంది. పిల్లలకీ అదే నేర్పింది. సగంమంది నేర్చుకున్నారు, నేర్చుకున్నవాళ్ళలో సగంమంది ఇప్పటికే విమానం ఎక్కేశారు.

మిగిలినవాళ్ళలో పనికొచ్చేది పొట్టి సిస్టర్. చెయ్యి మంచిది. ఎంత సన్నటి నరమైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకుంటుంది. కానీ మానిటర్ మోగిందా, ఆ పిల్ల ముందు చూసేది మంచం వైపు కాదు, ఇన్‌ఛార్జమ్మ ముఖం. ఇన్‌ఛార్జమ్మ కదిలితే కదులుతుంది, ఆమె వెనకాలే పరిగెత్తుతుంది, అడిగింది అడిగినట్టు అందిస్తుంది. తనంతట తాను మనిషి ఛాతీ మీద చెయ్యి వెయ్యమంటే కాళ్ళు చేతులు ఆడవు.

"వచ్చే వారం నుంచి ఎవరి మొహం చూస్తావే?" అంది ఇన్‌ఛార్జమ్మ, చేతులు కడుక్కుంటూ.

"మీ ఫోటో ఒకటి ఇచ్చివెళ్ళండక్కా. మానిటర్ పక్కన తగిలిస్తా."

ఆ పిల్ల నవ్వుతూనే అంది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్‌ఛార్జమ్మ అది చూసింది. దగ్గరకి తీసుకోవాలి అనుకుంది. చేతులు తడిగా ఉన్నాయని సరిపెట్టుకుంది.

ఆ చేతులు కడిగే కుళాయిలు కొత్తవి. మోచేత్తో తోస్తే చాలు, నీళ్ళొస్తాయి. ఆ దేశానివే. ఆమె భర్త కుళాయిల ఫ్యాక్టరీలో పాలిష్ సెక్షన్ మేస్త్రీగా ఉండేవాడు. ఒప్పందమయ్యాక కొన్నాళ్ళు సగం షిఫ్టులు నడిపారు. ఆ తర్వాత గేటుకి తాళం వేశారు. ఒకసారి ఆమెకి అన్నం డబ్బా ఇవ్వడానికి వార్డు దాకా వచ్చి, ఈ కుళాయిల్ని వంగి, కళ్ళు చికిలించి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాలిష్ బాగానే పెట్టారు, దొంగ వెధవలు," అన్నాడు. మేస్త్రీకి అంతకు మించిన మెచ్చుకోలు తెలీదు.

చివరి మంచం మీద టైలరు. గుండెపోటుతో వచ్చి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు. మంచం మీంచి దిగొద్దన్నారు గాని నోరు మూసుకోమని ఎవరూ అనలేదు. వార్డులో వచ్చేపోయేవాళ్ళ కొలతలన్నీ కంటితోనే తీసేస్తుంటాడు.

"అమ్మా, అక్కడ చలి ఎముకలు కొరుకుతుందట కదా. నేను లేచి కూర్చోగానే మీకో కోటు కుట్టిపెడతా. మీకు ఎడం భుజం కాస్త కిందికుంటుంది, తెలుసా?"

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే."

"వంగి వంగి పనిచేస్తే అంతే. రోగుల మీద వంగడమే కదా మీ పని. నేనేమో మిషను మీద వంగి ఇలా అయ్యాను."

ఆమె అతని మణికట్టు పట్టుకుని ఉంది. బాగానే కొట్టుకుంటోంది.

పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చి, అన్ని మంచాలూ చూసి, వెళ్ళబోతూ ఆగాడు. "శనివారమేనా మీ పరీక్ష?" అన్నాడు.

"అవునండీ."

"ఫెయిలవ్వండమ్మా. చచ్చి మీ కడుపున పుడతాం." అని తనే నవ్వేసి, నవ్వు మధ్యలో ఆపేశాడు. ఆయన తప్పేముంది? కొత్త సిస్టర్లని ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా పైవాళ్ళు చూద్దాం అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఇంట్లో వంట మేస్త్రీదే. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేర్చుకున్నాడు. గిన్నెలు మాత్రం అద్దాల్లా తోముతాడు, చేతిలో విద్య ఎక్కడికి పోతుంది!

"ఏమోయ్, ఇవాళ పాసా, ఫెయిలా?"

"ఫెయిలు."

"హమ్మయ్య," అంది కూతురు, పుస్తకం లోంచి తలెత్తి. "ఈ ఇంట్లో ఫెయిలయ్యేది నేనొక్కదాన్నే అనుకున్నా."

"నోర్ముయ్, బుజ్జీ," అన్నాడు మేస్త్రీ. భోజనాలయ్యాక తనే మంచం గోడ వారగా జరిపాడు. బలపంతో నేల మీద గీత గీశాడు. ఫ్యాక్టరీలో కొలిచినట్టు జానలతో కొలిచి మరీ గీశాడు. గంటకి బదులు బుజ్జిని నిలబెట్టాడు. అమ్మ భుజం తడితే ట్రింగ్ అనడం దాని పని.

మేస్త్రీ మంచం మీద కూర్చుని, గుండె పట్టుకుని, కళ్ళు తేలేశాడు. "అయ్యో, అమ్మో," అంటూ కాసేపు మెలికలు తిరిగాడు.

"నాన్నా, గుండెపోటా, కడుపునొప్పా?" అంది బుజ్జి.

"నువ్వు గంటవి. గంటలు మాట్లాడవు."

ఆ మాటంటూ మేస్త్రీ నిజంగానే పట్టు తప్పి మంచం మీంచి దొర్లిపడ్డాడు. మోచెయ్యి నేలకి ఠంగున తగిలింది. ఇన్‌ఛార్జమ్మ బుజ్జి భుజం తట్టింది. ట్రింగ్. రెండడుగులు వెనక్కేసింది. బాగానే నిలబడింది. కింద మేస్త్రీ గుడ్లు తేలేసి, నాలుక బయటపెట్టి, ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు. ఆ బిగబట్టడం చూసేసరికి ఆమె ఎప్పుడు వంగిందో ఆమెకే తెలీదు, వేళ్ళు వెళ్ళి ఆయన మెడ పక్కన కూర్చున్నాయి.

"వదలవే!" అని అరిచాడు మేస్త్రీ. "నన్ను చావనీ!"

బుజ్జి పొట్ట పట్టుకుని నవ్వింది. పక్క వాటాలో ఎవరో గోడ మీద కొట్టారు. మేస్త్రీ లేచి కూర్చుని, మోచెయ్యి రుద్దుకుంటూ, "ఇంకొక్కసారి," అన్నాడు. ఆ ఇంకొక్కసారి చాలాసార్లయింది. ప్రతిసారీ ఆమె ముట్టుకుంది. ఆఖరికి ఆయన లేవలేదు. కింద కూర్చునే, ఆమెను చూడకుండా, గీత మీద వేలితో రాస్తూ అన్నాడు.

"నీ చేతులు ఎలాంటివో నాకు తెలుసు. ఇలాంటిది నిన్ను అడగకూడదనీ తెలుసు. కానీ ఈ సీటు పోతే మనకి ఇంకో దారి లేదు. ఆ ఒక్క నిమిషం ఓర్చుకో. ఒక్క నిమిషమే కదా?"

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మామూలుగా అయితే ఇన్‌ఛార్జమ్మకి ఏడుపొచ్చేది. ఆ పూట రాలేదు. బలపం గీత మీద ఆయన వేలు తుడిపేసిన చోటు చూస్తూ, రేపు పొద్దున నేల తడిగుడ్డతో తుడవాలి అనుకుంది.

గురువారం శిక్షణ అయ్యాక టీచరమ్మ ఆమెని ఆపింది. మీసాల బ్రదర్ తాతగారికి గుడ్డ కప్పుతూ అక్కడే తచ్చాడాడు. అతను ఆపరేషన్ థియేటర్లో చేసే మనిషి. అతనికీ ఇదే జబ్బు, కాకపోతే కాస్త తక్కువ.

టీచరమ్మ ఆ దేశంలో ఎనిమిదేళ్ళు చేసొచ్చింది. చెప్పులో రాయి ఉన్నట్టు ఎప్పుడూ చిరాగ్గా ఉంటుంది. ఆరోజు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను మిమ్మల్ని సతాయిస్తున్నానని అనుకుంటున్నారు. అనుకోండి. నాతో పాటు ఒకమ్మాయి ఉండేది. బంగారం లాంటి పిల్ల. వరండాలో ఒక ముసలాయన గొంతులో మెతుకు అడ్డుపడి నీలంగా అయిపోతుంటే, వెనకనించి పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది. మెతుకు బయటికొచ్చింది. ముసలాయన బతికాడు. వాళ్ళింటిల్లిపాదీ వచ్చి పూలగుత్తి ఇచ్చి, వంగి వంగి దండాలు పెట్టారు."

"తర్వాత?" అన్నాడు బ్రదర్.

"తర్వాతేముంది? పూలగుత్తితో సహా విమానం ఎక్కించారు. సహాయకురాలు చెయ్యకూడని పని చేసిందని. వాళ్ళకి ఆ పిల్ల మీద కోపం లేదు. అదే నాకు అర్థం కాదు, ఒక్కళ్ళకీ కోపం లేదు. ఒప్పందంలో అలా రాసుంది, అంతే." టీచరమ్మ లేచింది. "శనివారం వచ్చే ఆవిడ అక్కడి మనిషి. చేతులే చూస్తుంది. మొహం కూడా చూడదు. రెండో అవకాశం లేదు, మీ వెనకాల బారుడు మంది ఉన్నారు."

ఆవిడ వెళ్ళాక బ్రదర్ దగ్గరికొచ్చాడు.

"ఒక ఉపాయం చెప్పనా అండీ? మన వేళ్ళకి నాడి కావాలి, అంతేగా? చంటిపిల్లకి పాలపీక లాగా. ఇచ్చేద్దాం. చేతులు ముందుకు కట్టుకోవాలన్నారు కదా, కుడిచేత్తో మీ ఎడమ మణికట్టు మీరే పట్టుకోండి. మీ నాడి మీరే చూసుకుంటూ నిలబడండి. వేళ్ళు కుదురుగా ఉంటాయి."

ఇన్‌ఛార్జమ్మ పట్టుకుంది. ఎంతమంది నాడి చూసిందో లెక్కే లేదు, తనది ఎప్పుడైనా చూసుకుందా అంటే గుర్తులేదు. నింపాదిగా కొట్టుకుంటోంది. ఎవరిదో అన్నట్టుంది.

"తొయ్యండి," అంది.

బ్రదర్ గుడ్డ తీసి తాతగారిని తోశాడు. తాతగారు నవ్వుతూ కూలిపోయారు. ఇన్‌ఛార్జమ్మ గంట నొక్కి, రెండడుగులు వెనక్కేసి, తన నాడి తాను పట్టుకుని నిలబడింది. సిస్టర్ గారూ, ఒకసారి రండి. వేళ్ళు కదల్లేదు. మళ్ళీ తొయ్యమంది. మళ్ళీ కదల్లేదు. బ్రదర్ చప్పట్లు కొట్టాడు. హాలు మూసే మనిషి తాళంచెవులు ఆడిస్తూ వచ్చి నిలబడేదాకా చేస్తూనే ఉన్నారు. ఆ రాత్రి మేస్త్రీ ఎన్నిసార్లు పడినా ఆమె ఒక్కసారీ ముట్టుకోలేదు. "శభాష్," అన్నాడు మేస్త్రీ నేల మీంచే. అని చాలాసేపు అలాగే పడుకుని పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు.

శనివారం హాల్లో తాతగారు లేరు. ఆ మంచం మీద నిజం మనిషి కూర్చుని ఉన్నాడు. నాటకాలాడే ముసలాయనట, పరీక్ష కోసం పిలిపించారట. తెల్ల పైజమా, నెరిసిన గడ్డం, ముడతలుపడ్డ చేతులు. నరాలు పైకి తేలిన మణికట్లు. అందరి గుండెల్లో రాయి పడింది.

పరీక్ష పెట్టే ఆవిడ సన్నగా, శుభ్రంగా, మృదువుగా ఉంది. ప్రతివాళ్ళనీ చూసి కొంచెం తల వంచింది. గోడవార కుర్చీలో కూర్చుంది.

ముందు మీసాల బ్రదర్ని పిలిచారు. మీసాలు లేవు. అక్కడి ముసలివాళ్ళు మీసాలు చూసి భయపడతారని ఎవరో అన్నారట, పొద్దున్నే తీయించుకుని వచ్చాడు. పై పెదవి మీద చర్మం తెల్లగా, పసిపిల్లాడిదిలా ఉంది. ముసలాయన గుండె పట్టుకుని ముందుకు ఒరిగాడు. బ్రదర్ గంట నొక్కాడు, వెనక్కి తగ్గాడు, తన మణికట్టు తాను పట్టుకున్నాడు. అంతా బాగానే ఉంది. అప్పుడు ముసలాయన, నటనలో భాగమే పాపం, వణుకుతున్న చెయ్యి ఒకటి గాల్లోకి చాచాడు. బ్రదర్ వెళ్ళి ఆ చెయ్యి అందుకున్నాడు.

"కృతజ్ఞతలు," అంది ఆవిడ. ఇంకో పేరు పిలిచారు.

ఇన్‌ఛార్జమ్మ వంతు వచ్చింది. ముసలాయన తనకి చేతనైన నటనంతా చేశాడు. ఎడమ చెయ్యి గుంజుతున్నట్టు పట్టుకున్నాడు, పెదాలు తడుపుకున్నాడు, ఎక్కణ్ణించి తెచ్చుకున్నాడో నుదుట చెమట కూడా తెచ్చుకున్నాడు. ఆమె గంట నొక్కింది. రెండడుగులు. తన నాడి. సిస్టర్ గారూ, ఒకసారి రండి. ముసలాయన పక్కకి ఒరిగి, చెయ్యి చాచి, "అమ్మా," అన్నాడు. "అమ్మా, ఊపిరాడటం లేదు తల్లీ."

ఆమె తన వేళ్ళ కింద కొట్టుకుంటున్నదాన్ని వింటూ నిలబడింది. ఆ చాచిన చెయ్యి కొంచెంసేపు గాల్లో ఉండి, అలిసిపోయి కిందికి దిగింది. ఆమెకి ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదే అని కూడా అనిపించలేదు.

పరీక్ష పెట్టే ఆవిడ లేచి నిలబడి, ఈసారి తల బాగా వంచి, తమ భాషలో ఏదో అంది. టీచరమ్మ దాన్ని తెలుగులో చెప్పింది. "చాలా అందంగా నిలబడ్డారు అంటున్నారు."

బయట మెట్ల మీద ముసలాయన టీ తాగుతున్నాడు. ఆమెని చూసి గ్లాసు పక్కన పెట్టాడు. "మీరేనమ్మా నెగ్గింది? సంతోషం. నేను ఎన్నో వేషాలు వేశాను గాని, నా చావు చూస్తూ మీ అంత నిమ్మళంగా నిలబడ్డవాళ్ళని చూడలేదు తల్లీ. నాకే భయమేసింది." మెచ్చుకుంటున్నాడో, ఇంకేమైనానో తేల్చుకోలేక ఆమె నమస్కారం పెట్టింది.

బ్రదర్ గేటు దగ్గర నిలబడి పై పెదవి తడుముకుంటున్నాడు. "మీసం అనవసరంగా తీయించానండీ," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మీకు చెప్పిన ఉపాయం నాకే పనిచెయ్యలేదు, చూశారా. ఆ చెయ్యి అలా చాచకుండా ఉండాల్సింది ముసలాడు."

ఆదివారం ఆమె ఆఖరి డ్యూటీ. వార్డు నెమ్మదిగా ఉంది. చూడ్డానికొచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. పొట్టి సిస్టర్ మందుల బండి దగ్గర సాయంత్రం మాత్రలు విడివిడిగా కప్పుల్లో వేస్తోంది. ఇన్‌ఛార్జమ్మ మంచం మంచానికీ తిరిగింది. బాగున్నారా అని అడిగింది. దుప్పట్లు సరిచేసింది. చివరి మంచం దగ్గర టైలరు దిండ్లకి చేరగిలబడి ఉన్నాడు. రేపు ఇంటికి పంపేస్తామన్నారు, హుషారుగా ఉన్నాడు.

"బట్ట మీరు కొనకండమ్మా, మీకు మోసపోవడమే వచ్చు. మావాడి చేత తెప్పిస్తా. కాలరు ఎత్తుగా పెడతాను, చెవుల దాకా వస్తుంది. లోపల ఒక జేబు..."

మాట ఆగింది. జేబు ఎక్కడ వస్తుందో చూపించబోయిన చెయ్యి ఒళ్ళో పడింది. కళ్ళు పైకి తిరిగాయి. మానిటర్ మీద గీత పిచ్చిగా వణికి, మోత మొదలుపెట్టింది.

ఇన్‌ఛార్జమ్మ మంచానికి మూరెడు దూరంలో ఉంది. ఆమె చెయ్యి లేచింది. లేచి గోడ మీదికి వెళ్ళింది. గోడకి ఆక్సిజన్ గొట్టం ఉంది, ప్లగ్గులు ఉన్నాయి, ఒక మేకు ఉంది. గంట లేదు. సిస్టర్ని పిలిచే గంట ఆ వార్డులో ఎప్పుడూ లేదు, మానిటర్ మోగితే ఆమే వచ్చేది. అరచెయ్యి ఒట్టి గోడని ఒక్కసారి నొక్కింది. తర్వాత ఆమె రెండడుగులు వెనక్కేసింది. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని నిలబడింది.

నోరు తెరిచి, "సిస్టర్ గారూ, ఒకసారి రండి," అంది. వాళ్ళ భాషలో అంది.

పొట్టి సిస్టర్ మాత్రల కప్పు చేత్తో పట్టుకుని అలవాటు ప్రకారం ఆమె ముఖం చూసింది. చూస్తూనే ఉండిపోయింది. మానిటర్ మోగుతోంది. పక్క మంచం మీది మనిషి, "సిస్టర్! సిస్టర్!" అని కేకలు పెడుతున్నాడు. ఇన్‌ఛార్జమ్మ కదల్లేదు.

కప్పు కింద పడింది. మాత్రలు నేలంతా దొర్లాయి. పొట్టి సిస్టర్ వాటి మీదనుంచే పరిగెత్తుకొచ్చి, దిండ్లు లాగి అవతల పారేసి, మంచం తల దించింది. ఛాతీ అందక మంచం మీదికే ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి నొక్కడం మొదలుపెట్టింది. పైకే లెక్కపెడుతోంది. గొంతు ఏడుస్తోంది గాని లెక్క తప్పడం లేదు. "మెషిన్ తీసుకురండి! డాక్టర్ని పిలవండి!" అని అరిచింది. ఆ పిల్ల అరవడం ఆ వార్డులో ఎవరూ వినలేదు ఇంతకు ముందు. ఇంకో సిస్టర్ షాకిచ్చే మెషిన్ తోసుకుంటూ వచ్చింది. పెద్ద డాక్టరు కోటు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. అందరూ పక్కకి జరగండి అంది పొట్టి సిస్టర్. టైలరు ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎగిరిపడింది.

ఇన్‌ఛార్జమ్మ అన్నీ చూస్తూనే ఉంది. మోచేతులు నిటారుగానే పెట్టింది, మంచిదే అనుకుంది. ఇంకాస్త లోతుగా నొక్కాలి అనుకుంది. అనుకోవడం వరకే. వెళ్ళాలని ఆమెకి తెలుసు. ఎవరైనా వెనకనించి ఒక్క తోపు తోసినా వెళ్ళి పడేదే. కాళ్ళు ఆమెవి కావు. తన వేళ్ళ కింద తన నాడి మాత్రం ఎప్పటిలాగే నింపాదిగా కొట్టుకుంటోంది, కాస్త కూడా తొందరపడటం లేదు. అది చూసి ఆమెకి మొదటిసారి భయమేసింది.

టైలరు దగ్గాడు. కళ్ళు తెరిచి, "ఎవరే నా డొక్క విరగ్గొట్టింది," అని గొణిగాడు. గీత సర్దుకుంది. మోత ఆగింది.

పొట్టి సిస్టర్ మంచం దిగి ఇన్‌ఛార్జమ్మ వైపు తిరిగింది. ఇన్‌ఛార్జమ్మ ఇంకా అక్కడే, అలాగే నిలబడి ఉంది. అడుగుతారు అనుకుంది. ఎందుకు రాలేదని, ఏమైందని అడుగుతారు. చెప్పాలి. ఏమని చెప్పాలో వెతుక్కుంటోంది.

ఆ పిల్ల ఒక్క ఉదుటున వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులేసి బావురుమంది.

"నాకు తెలుసక్కా. కావాలనే ఆగారు. నేను మీ మొహం చూశాను, రోజూ చూస్తాను కదా. ఇవాళ మీ మొహంలో ఏమీ లేదు. ఏమీ లేదు! అప్పుడర్థమైంది, ఇక నన్ను చూడకు, వెళ్ళి నువ్వే చెయ్యి అంటున్నారని."

పెద్ద డాక్టరు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంత గుండె నిబ్బరం నాకు లేదమ్మా," అన్నాడు. "నా కళ్ళ ముందు మనిషి పోతుంటే, చేతులు కట్టుకుని నిలబడి ఇంకొకరికి నేర్పడం... ఇన్నేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు. మీరు వెళ్తున్నా ఇక నాకు బెంగలేదు." పక్క మంచాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇందాక కేకలు పెట్టినాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

పొట్టి సిస్టర్ మొహం ఎత్తి చూసింది. ఆ మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మొహంలో ఈ ధైర్యం కోసమే కదా ఎదురుచూసింది.

"అంతే కదక్కా? నేను చెయ్యాలనే కదా ఆగారు?"

"అవునే," అంది ఇన్‌ఛార్జమ్మ.

పెద్ద డాక్టరు ఎవర్నో పంపి కేకు తెప్పించాడు. ముందు ముక్క ఆమె చేతిలో పెట్టారు. తింది. బాగుందా అని అడిగారు. బాగుంది అంది.